చేతులు వెనక్కి

చిక్కడపల్లిలో మనోరమను ఎరిగినవాళ్ళలో ఎక్కువమంది మూడడుగుల లోపు ఎత్తువాళ్ళే. వాళ్ళకు ఆమె రమత్త. బ్యాంకుల్లోనూ ఎల్లైసీలోనూ సెక్రటేరియట్‌లోనూ పనిచేసే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టి, వెనక్కి తిరగకుండా బస్టాపుకు పరుగెత్తేవారు. తిరిగి చూస్తే పిల్ల ఏడుస్తుంది, పిల్ల ఏడిస్తే బస్సు పోతుంది. ఆ రోజుల్లో చిక్కడపల్లి తల్లులందరికీ ఈ లెక్క తెలుసు.

అరుంధతి గారి పాత ఇంట్లో కింది వాటా అంతా ఆవిడ నడిపే బేబీ కేర్ సెంటరు. వాటా అంటే ఒక పొడుగాటి హాలు, ఒక వంటగది, వెనక చిన్న పెరడు, ఆ పెరట్లో తీగ మీద ఎప్పుడూ ఆరేసి ఉండే చిట్టి చిట్టి చెడ్డీలు. దూరం నుంచి చూస్తే ఏదో పండగకు తోరణాలు కట్టినట్టుండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక చాపలు పరిచి పిల్లల్ని పడుకోబెట్టే వేళకు, ఫ్యాను చప్పుడూ పౌడరు వాసనా పెరుగన్నం వాసనా కలిసి ఒకలాంటి మత్తు తయారయ్యేది. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు కూడా గుమ్మంలో నిలబడి ఒక ఆవలింత తీసి మరీ పోయేవాడు. మనోరమ రెండు చేతులతో ఇద్దరిని జోకొడుతూ, కాలి బొటనవేలికి చుట్టుకున్న తాడుతో ఉయ్యాల ఊపుతూ, నోటితో నాలుగోవాడికి కథ చెప్పేది. ఐదోవాడు ఏడిస్తే మాసమ్మ ఉండేది.

మాసమ్మది పాలమూరు వైపు. భర్త మేస్త్రీ పని మీద పట్నం వస్తే వెంట వచ్చి ముషీరాబాద్ బస్తీలో కాపురం పెట్టింది. ఇటుకలు మోయడం కన్నా పిల్లల్ని మోయడం నయమని ఈ పనిలో చేరింది. చేరిన వారానికే ఆ అభిప్రాయం మార్చుకుంది గానీ పని మాత్రం మార్చుకోలేదు.

పదిహేడేళ్ళు అలా గడిచిపోయాయి. సాయంత్రం తల్లులు వచ్చే వేళకు మనోరమ చేతులు చూడాల్సిందే. మొహాలు కడిగి, దువ్వి, పౌడరద్ది, గుండీలు పెట్టి, బూట్లు తొడిగి, లేసులు ముడేసి, వరసగా గోడకు చేర్చేది. పిల్లవాడు కుడికాలు ఎత్తుదామా ఎడమకాలు ఎత్తుదామా అని ఆలోచించేలోపు రెండు కాళ్ళకూ బూట్లు ఉండేవి. ఆమె చేతులకు ఆమెతో పనిలేదని అరుంధతి గారు నవ్వేవారు.

ఆ అరుంధతి గారే రెండువేల పదకొండు ఉగాది దాటాక ఒకరోజు ఆమెను పైకి పిలిచి, టీ ఇచ్చి, కూర్చోమన్నారు. టీ ఇచ్చారంటే మామూలే. కూర్చోమన్నారంటేనే మనోరమకు భయం వేసింది.

"రమా, నా మోకాళ్ళు ఇగ నా మాట వింటలేవు. ఈ ఒక్క ఏడు నడిపిస్త. వచ్చే ఏడు జూన్ నుంచి కింది వాటా ప్లే స్కూల్‌కు కిరాయికి ఇస్తున్న. నిన్నూ మాసమ్మనూ ఉంచుకోవాల్నని షరతు పెట్టిన. సరే అన్నరు. కాని..."

ఆ "కాని" ఏమిటో చెప్పడానికి వారం తర్వాత ఉదయశ్రీ వచ్చింది. రాబోయే స్కూలుకు ఆమె ప్రిన్సిపాలు. గోడలకు ఏ రంగు వేయించాలో చూస్తూనే చాలా మర్యాదగా చెప్పింది.

"డిగ్రీ కావాలని మేం అడగట్లేదు ఆంటీ. నర్సరీ టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉంటే చాలు, మిమ్మల్ని టీచర్‌గానే తీసుకుంటాం. లేకపోతే ఆయా పోస్టే ఇవ్వగలం. ఆయాలు క్లాసులోకి రారు, బయట ఉంటారు. పిలిచినప్పుడు వచ్చి తుడిచి వెళ్తారు."

మనోరమ హాలు గడప వైపు చూసింది. పదిహేడేళ్ళుగా ఆ గడప దాటిందో లేదో కూడా ఆమెకు గుర్తుండేది కాదు. ఇప్పుడు దానికి అటు ఇటు రెండు ఉద్యోగాలు కనిపించాయి.

మాసమ్మకు మాత్రం ఏ దిగులూ లేదు. "నీలం చీర వాళ్ళే ఇస్తరంట అక్క. ఇస్త్రీ గుడ వాళ్ళే జేయిస్తరా, మనమే జేస్కోవాల్నా, జర అడుగు."

"నువ్వే అడుగు."

"నేనడిగితే ఆ పోరి ఇంగ్లీషుల చెప్తది. నువ్వడుగు."

*

మనోరమ చదువు పదో తరగతి పాసయ్యాక ఇంటర్ రెండో ఏట పెళ్ళితో ఆగింది. నారాయణగూడలో బట్టల షాపులో పనిచేసే జగదీశ్వర్ ఆమె భర్త. కూతురు పెళ్ళై వెళ్ళాక ఇంట్లో ఇద్దరే. భార్య సమస్య వినగానే జగదీశ్వర్ మరునాడే అశోక్‌నగర్ అంతా తిరిగి, కరపత్రాలతో ఇల్లు చేరాడు.

అశోక్‌నగర్ అప్పటికే మనుషుల్ని మార్చే ఊరు. డిగ్రీలు అయిన పిల్లలు డిప్యూటీ కలెక్టర్లుగా మారదామని ఏ జిల్లా నుంచో వచ్చి, ఒక్కో గదిలో ఆరుగురు పడుకుని, జిరాక్సు కాగితాలు తింటూ బతికేవారు. కరెంటు స్తంభం నుంచి ఇడ్లీ బండి దాకా ప్రతిదాని మీదా ఏదో ఒక కోచింగ్ సెంటరు కాగితం అంటించి ఉండేది. ఇంతమందిని మార్చేవాళ్ళు తన భార్యను ఏదో ఒకటిగా మార్చలేరా అని జగదీశ్వర్ నమ్మకం.

మొదట బ్యూటీషియన్ కోర్సు. ఒక పూట ఉచితంగా వచ్చి చూడమన్నారు, వెళ్ళింది. కుర్చీలో కూర్చున్న అమ్మాయికి కనుబొమలు దారంతో తీస్తుంటే కంట్లో నీళ్ళు తిరిగాయి. మనోరమ ఊరుకోలేక వంగి, ఉఫ్ అని ఊది, "అయిపాయె, అయిపాయె నాయినా" అంది. నేర్పే అమ్మాయి ఆమెను పక్కకు పిలిచి, "ఆంటీ, కస్టమర్లను నాయినా అనద్దు" అని మెల్లగా చెప్పింది.

తర్వాత గాంధీనగర్‌లో మంచాన పడ్డవాళ్ళను చూసుకునే మనుషుల్ని పంపే ఆఫీసు. అక్కడి ఆయన ఒక్కటే అడిగాడు, బరువులు ఎత్తగలవా అని. పిల్లల సంగతి చెప్పబోతే, "పిల్లల్ది కాదమ్మా, పెద్ద మనిషి బరువు" అన్నాడు. కుట్టుపని నేర్చుకుందామంటే సూదిలో దారం ఎక్కించడానికే కళ్ళు సహకరించలేదు. ఓపెన్ యూనివర్సిటీలో ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీ చదవచ్చని ఒక కరపత్రం చెప్పింది గానీ, అది పూర్తయ్యేసరికి ఆ హాల్లో ఇంకెవరో పాతుకుపోయి ఉంటారు. అన్నింటికన్నా ముఖ్యంగా, వీటిలో దేనిలోనూ పిల్లలు లేరు.

చివరికి నారాయణగూడలో ఒక మందుల షాపు పైన దొరికింది, ఏడాది నర్సరీ టీచర్ ట్రైనింగ్. ఇంటర్ అడిగారు. పదిహేడేళ్ళు పిల్లల మధ్య ఉన్నానంటూ అరుంధతి గారి చేత చెప్పిస్తే, పదో తరగతి మీదే చేర్చుకున్నారు. క్లాసు మధ్యాహ్నం రెండింటికి, అంటే సెంటర్లో పిల్లలు పడుకునే వేళకు. మనోరమ పిల్లల్ని జోకొట్టి, చప్పుడు కాకుండా లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడ తొడుక్కుని నారాయణగూడకు నడిచేది. నలభై నాలుగేళ్ళ వయసులో అలా దొంగతనంగా బడికి వెళ్ళడం ఆమెకు కొంచెం బాగానే ఉండేది కూడా. అసలు ఇంటర్‌లో అందరూ దొంగతనంగా బడి ఎగ్గొట్టేవారు.

*

క్లాసులో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. రెండో రోజుకే ఆమెను ఆంటీ అన్నారు, మూడో రోజుకు ఆమె డబ్బాలో ఏం తెచ్చిందో అడగకుండానే చూశారు. నేర్పేది నళిని మేడం. సన్నగా ఉంటుంది, గొంతు పెంచదు, ఎప్పుడూ తొందరపడదు. ఆమె చెప్పిన మొదటి పాఠమే మనోరమకు మింగుడు పడలేదు.

"పిల్లవాడు తన పని తనే చేసుకుంటాడు. బూటు తనే వేసుకుంటాడు, గుండీ తనే పెట్టుకుంటాడు. తప్పు చేస్తాడు, ఆలస్యం చేస్తాడు. చేయనివ్వండి. అప్పుడు టీచర్ చేతులు ఎక్కడ ఉండాలి? వెనక్కి."

మేడం చేతులు వెనక్కి కట్టుకుని చూపించింది. క్లాసంతా కట్టుకుంది. మనోరమ కూడా కట్టుకుంది గానీ, ముందు బెంచీలో అమ్మాయి చున్నీ జారుతుంటే ఒక చెయ్యి బయటికి వచ్చి సర్ది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

వారానికోసారి ఇనిస్టిట్యూట్ వాళ్ళ ప్రాక్టీసు స్కూలుకే తీసుకెళ్ళేవారు. అక్కడ మొదటి రోజే ఒక పాప గుండీతో కుస్తీ పడుతుంటే, మనోరమకు తెలిసేలోపే ఆ గుండీ పెట్టడం అయిపోయింది. పాప గుండీ వైపు చూసి, మనోరమ వైపు చూసి, గుండీ తీసేసుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"మనోరమ గారూ," అంది నళిని మేడం వెనక నుంచి, "మీ చేతులు."

ఆ మాట క్లాసులో ఊతపదమైపోయింది. ఎవరైనా పక్కవాళ్ళ డబ్బాలో చెయ్యి పెడితే చాలు, "మనోరమ గారూ, మీ చేతులు" అని నవ్వుకునేవారు. మనోరమ కూడా నవ్వేది. ఇంటికి వస్తూ దారిలో మాత్రం నవ్వేది కాదు. ప్రాక్టికల్ పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు ఇలాగే జరిగితే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ రాకపోతే గడప ఇవతలి ఉద్యోగమే.

సెంటర్లో పిల్లల మీదే నేర్చుకుందామని చూసింది. సాయంత్రం బూట్లు వాళ్ళ ముందు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఒకడు బూటును లారీ చేసి తోశాడు. ఒకతి లేసు నోట్లో పెట్టుకుంది. గేటు దగ్గర తల్లులు పోగయ్యారు.

"అక్కా, వీళ్ళు ఏస్కునే సరికి తెల్లారుతది," అంది మాసమ్మ. "నీ పరీచ్చేమో గని, ఆ తల్లులు నన్ను తిడ్తున్నరు."

"జరసేపు ఆగు మాసమ్మా."

"నేనాగుత. ఆ బ్యాంకమ్మ ఆగుతదా?"

బ్యాంకమ్మ ఆగలేదు. మాసమ్మ కూర్చుని టకటకా తొడిగేసింది. మనోరమ చేతులు వెనక్కే ఉన్నాయి గానీ, వేళ్ళు మాత్రం అక్కడే గాలిలో ముడులు వేస్తున్నాయి.

*

సెప్టెంబరులో సకల జనుల సమ్మె వచ్చింది. బళ్ళు మూతబడ్డాయి, బస్సులు డిపోల్లో నిలబడ్డాయి. తల్లుల్లో కొందరు సమ్మెలో, మిగతావాళ్ళు బస్సుల్లేక ఇళ్ళల్లో ఉన్నారు కాబట్టి పిల్లలు కూడా ఇళ్ళల్లోనే ఉండిపోయారు. చిక్కడపల్లి రోడ్డు మీద పొద్దున్నే పక్షుల కూతలు వినిపించేవి. ఇన్ని పక్షులు ఇన్నాళ్ళూ ఎక్కడ ఉన్నాయా అనిపించేది. ప్రాక్టీసుకు మనోరమకు ఒక్క పిల్లవాడు కూడా దొరకలేదు. ఇంట్లో ఉన్నది జగదీశ్వర్ ఒక్కడే.

"రమా, తువ్వాల," అని బాత్రూములోంచి కేక వినిపించింది.

మనోరమ బాత్రూము ముందుకు వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"రమా. తువ్వాల."

"ఏడుంటదో మీకెర్కనే."

పాతికేళ్ళ కాపురంలో తువ్వాల ఎక్కడుంటుందన్న ప్రశ్న జగదీశ్వర్‌కు ఎదురవ్వడం ఇదే మొదలు. చివరికి తలుపు సందులోంచి మొహం పెట్టి, భార్య నిలబడ్డ తీరు చూశాడు.

"మా అక్క ఫోన్ల ఏమన్న అన్నదా?"

"ఎవ్వరేమనలే."

"మరి గట్ల చేతులు గట్టుకొని నిలవడ్డవేంది, పోలీసోల్ల లెక్క?"

"గమనిస్తున్న."

"నన్నా?"

"తొందరేం లేదు. మెల్లగ ఆలోచించండ్రి."

జగదీశ్వర్ లుంగీతో తుడుచుకుని బయటికి వచ్చాడు. కళ్ళజోడు వెతకడానికి ఒక పూట పట్టింది. అది నెత్తి మీదే ఉందని మనోరమకు తెలుసు, అయినా నోరు మెదపలేదు. ఆ ఒక్క పూట ఆమె పడ్డ యాతన ఆ తర్వాత ఏ పరీక్షలోనూ పడలేదు. సమ్మె ముగిసే నాటికి ఆయన తువ్వాల తనే తీసుకుంటున్నాడు, మంచినీళ్ళ సీసా తనే నింపుకుంటున్నాడు, ఒకరోజు టీ కూడా పెట్టాడు, వడకట్టడం ఒక్కటి మరిచిపోయాడంతే. షాపులో మాత్రం దోస్తులతో, "మా ఇంట్ల గుడ సమ్మెనే నడుస్తుంది. డిమాండ్లేందో చెప్తలేదు" అని వాపోయాడట.

ఆమె చేతులు మాత్రం మాట వినడం నేర్చుకున్నాయి. బళ్ళు తెరిచాక నళిని మేడం ఆమెను చూసి తల ఊపింది. "మనోరమ గారూ, మీ చేతులు" అన్న మాట మెల్లగా క్లాసులో పాతబడిపోయింది.

*

మరుసటి ఏప్రిల్‌లో ప్రాక్టికల్. ప్రాక్టీసు స్కూలు మేడ మీద, మొదటి అంతస్తు. ఎగ్జామినర్ ఒక పెద్దావిడ, వెంట్రుకలు తెల్లగా, మొహం ఏ అభిప్రాయమూ లేకుండా ఉంది. నళిని మేడం మూలన కుర్చీలో కూర్చుంది, ఆమె మాట్లాడకూడదు. మనోరమకు వచ్చిన అంశం బూట్లు. వచ్చిన పిల్లవాడు అఖిల్, మూడున్నరేళ్ళవాడు. ఆ ఏడు ఆమె ప్రాక్టీసుకు వచ్చిన ప్రతిసారీ పక్కనే చేరేవాడు.

అఖిల్ చాప మీద కూర్చుని ఎడమ బూటు తీసి కుడికాలికి పెట్టాడు. మనోరమ కుర్చీలో కూర్చుని చేతులు వెనక్కి పెట్టుకుంది. బూటు సగం దూరి ఆగింది. వాడు దాన్ని తిట్టాడు, నేలకేసి కొట్టాడు, మళ్ళీ పెట్టాడు. ఎలాగో దూరింది. రెండోది కూడా దూరింది. లేచి నాలుగడుగులు వేసి, ఏదో తేడాగా ఉందని ఆగి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. బూట్ల మూతులు రెండూ చెరో దిక్కుకు తిరిగి ఉన్నాయి, పోట్లాడుకున్న తోటికోడళ్ళలా. మనోరమ వైపు చూశాడు. ఆమె కదల్లేదు. ఎగ్జామినర్ గడియారం వైపు చూసింది. మనోరమ అప్పటికీ కదల్లేదు. వాడు కూర్చున్నాడు, రెండూ పీకేశాడు, ఇటుది అటు, అటుది ఇటు మార్చాడు, నిలబడ్డాడు. ఈసారి సరిపోయాయి.

వాడి మొహం విప్పారింది. పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె ఎదుట నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు. ఎత్తుకొమ్మని.

మనోరమ చేతులు వెనక్కే ఉన్నాయి. కుర్చీ కమ్మీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. "శాబాష్, నువ్వే వేసుకున్నవ్" అంది, పాఠంలో చెప్పినట్టుగానే. వాడు కొంచెంసేపు అలాగే ఉన్నాడు. తర్వాత ఒక చెయ్యి దించాడు. కాసేపాగి రెండోది కూడా దించి, బొమ్మల వైపు వెళ్ళిపోయాడు.

"ఇంత ఓపిక నేను చాలా తక్కువ చూశాను," అంది ఎగ్జామినర్. "అనుభవం ఉన్నవాళ్ళే అందరికంటే ఎక్కువ కష్టపెడతారు, చెయ్యి ఊరుకోదు. మీకు పూర్తి మార్కులు."

మనోరమ నమస్కారం పెట్టింది. హాలు దక్కింది. గడప అవతలి ఉద్యోగం దక్కింది. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంటే, సంతోషం రావాల్సిన చోట ఏమీ రాలేదు. అఖిల్ చేతులు ఒకదాని తర్వాత ఒకటి దిగడమే కనబడింది. పదిహేడేళ్ళలో అలా ఎత్తిన చేతుల్ని ఆమె ఖాళీగా దించనివ్వడం ఎప్పుడూ జరగలేదు. ఒళ్ళు కాలే జ్వరంతో పనికి వచ్చిన రోజున కూడా జరగలేదు.

నళిని మేడం వెనకే వచ్చింది. మామూలుగా అందరికీ చెప్పినట్టు శుభాకాంక్షలు చెప్పలేదు.

"ఎందుకు ఎత్తుకోలేదు మనోరమ గారూ?"

"చేతులు వెనక్కి అన్నరు గద మేడం."

"బూట్ల దగ్గర అన్నాను. గుండీల దగ్గర అన్నాను. ఎత్తుకోవద్దని ఎప్పుడన్నాను?"

మనోరమ ఏడాది పాఠాలన్నీ ఒకసారి లోపల తిరగేసుకుంది. నిజమే, ఎక్కడా అనలేదు. చేతుల్ని కట్టేయడం నేర్చుకునే కంగారులో, వాటిని ఎప్పుడు విప్పాలో అడగడమే మరిచిపోయింది.

"మార్కులు తగ్గిస్తారేమో అనుకున్న."

"తగ్గించేవారు కాదు," అంది నళిని మేడం. తర్వాత గొంతు ఇంకా తగ్గించి, "ఎక్కువసార్లు చెప్పింది నేనే లెండి. నా తప్పూ కొంత ఉంది" అంది.

కింద ఆటో హారన్ మోగింది. ప్రాక్టీసు స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళే ఆటో అది. మనోరమ గబగబా వెనక్కి తిరిగేసరికి అఖిల్ బ్యాగు తగిలించుకుని మెట్ల మొదట్లో నిలబడి ఉన్నాడు.

"అఖిల్, రా నాయినా, ఎత్తుకుంట," అని వంగి చేతులు చాపింది.

వాడు ఆమె చేతుల వైపు చూశాడు, తన బూట్ల వైపు చూశాడు. "వద్దు. నేను బూట్లేస్కున్న. నడుస్త."

"కింది దాకనా?"

"కింది దాక."

వాడు గోడ పట్టుకుని ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి, బూట్లు ఇంకా ఉన్నాయో లేదో చూసుకుని, తర్వాతి మెట్టుకు దిగుతున్నాడు. మనోరమ పక్కనే దిగింది. చేతులు వెనక్కి కట్టుకోలేదు, ముందుకూ చాపలేదు. వాడి పక్కన ఊరికే వేలాడదీసింది. మెట్ల మలుపులో వాడు ఏమీ అడక్కుండానే ఆమె చూపుడువేలు పట్టుకున్నాడు, మలుపు దాటగానే వదిలేశాడు.

కింద ఆటో అంజి మళ్ళీ హారన్ కొట్టాడు.

"మేడం, జల్దీ. రోజు గిట్లనే దించుతే నేను ముషీరాబాద్ ఎప్పుడు జేరాలె?"

"జరసేపు ఆగన్నా. ఇంకెన్ని, మూడే మెట్లు."

"మూడు మెట్లకే ఇంతసేపా. ఎత్తుకొచ్చి కూసోవెడితె అయిపోతది గద."

"ఆయన వద్దంటున్నడు."

అంజి ఆ "ఆయన" వైపు చూశాడు. ఆయన చివరి మెట్టు దిగి, రోడ్డు దాటినంత గర్వంగా ఆటో దగ్గరికి నడిచి, లోపలికి ఒక కాలు పెట్టబోయి ఆగాడు. ఆటో ఎత్తుగా ఉంది. లోపల కూర్చున్న పిల్లలు చూస్తున్నారు. వాడు ఇంకోసారి ప్రయత్నించాడు, బూటు జారింది. మనోరమ కదల్లేదు. వాడు వెనక్కి తిరిగి, ఆమె వైపు రెండు చేతులూ ఎత్తాడు.

ఆమె వాడి చంకల కింద చేతులు వేసి ఎత్తి, ఒక్క క్షణం ఎక్కువే అలా పట్టుకుని, సీట్లో దించింది.

"అయిపాయె," అన్నాడు అంజి, ఆటో స్టార్ట్ చేస్తూ.